అరవై ఒక్క చొరబాటు భాగాలు

కొత్తరేవులో ఎవరు ఊరు విడిచి వెళ్ళినా మాణిక్యాంబగారి కారులోనే స్టేషనుకి వెళ్ళాలి. అలాగని ఎవరూ చట్టం చెయ్యలేదు. చెయ్యకపోబట్టే యాభై ఏళ్ళపాటు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది.

కారు ఫియట్. బూడిద రంగు కాబట్టి ఊరంతా దాన్ని పావురాయి అంటారు. మాణిక్యాంబ భర్త దక్షిణామూర్తి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. డెబ్భై నాలుగులో ఒక రైసుమిల్లు షావుకారు విసిగిపోయి వదిలించుకుంటుంటే ఆయన కొనుక్కొచ్చాడు. ఆ తరవాత ఆయన ఆ కారులో కూచున్న గంటలకంటే దాని కింద పడుకున్న గంటలే ఎక్కువ. ఏది విరిగితే దాని బదులు చేతికందింది పెట్టేవాడు. కిటికీ అద్దం దించే పిడి విరిగితే మాణిక్యాంబ కుట్టుమిషను పిడి బిగించాడు. వెనక వచ్చేవాళ్ళు కనపడే అద్దం పగిలితే మంగలి షాపు అద్దం వచ్చింది. కారు పైన సామాను వేసుకోడానికి వాళ్ళమ్మగారి ఇనప మంచం కోసి చట్రం కట్టాడు. "అమ్మ పోయాక కూడా అందరి బరువూ మోస్తోంది చూడు" అనేవాడు.

ఒక తుపానులో కొబ్బరిచెట్టు పడి కారు పైభాగం అప్పడంలా అయిపోయింది. మాస్టారు ఇంజను లేని ఇంకో ఫియట్ ఒళ్ళు కొని, పాత కారు ప్రాణం అందులోకి మార్చాడు. ఎనభై నాలుగులో ఆ ప్రాణమూ పోతే డీజిలు ఇంజను ఎక్కించాడు. అలా ఒక్కొక్కటే మారుతూ కారు కారంతా మారిపోయింది. ఊళ్ళో ఒక్కళ్ళకీ మారినట్టు తెలీలేదు. ఇంట్లో కుండలో నీళ్ళు రోజూ మారతాయి, కుండ మారిందని ఎవరంటారు?

డ్రైవరు పక్క సీటుకి ఎదురుగా చిన్న అర ఉంది. దాని మూతకి లోపలివైపు తెల్లరంగు పూసి, సాగనంపిన ప్రతి మనిషి పేరూ తేదీ వేసి మాస్టారు పెన్సిలుతో రాసేవాడు. డ్రాయింగు మాస్టారి దస్తూరీ, ముత్యాలు పేర్చినట్టుండేది.

మాణిక్యాంబకి స్టేషనుకి వెళ్ళేదారితో పేచీ లేదు, తిరిగొచ్చేదారితోనే. వెళ్ళేటప్పుడు నిండుగా ఉన్న కారులో వచ్చేటప్పుడు ఒక సీటు ఖాళీ. అందుకని మాస్టారు రైల్వేగేటు దగ్గర ఆపి, వేడివేడి బజ్జీలు కొని ఆ ఖాళీ సీటులో పెట్టేవాడు. "ఇప్పుడు ఖాళీ లేదుగా" అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు కారు నడిపేది గేటు పక్కన షెడ్డున్న మెకానిక్కు ఖాదర్ వలీ. అతనికి పని నేర్పింది మాస్టారే. అరవై ఏళ్ళు వచ్చినా విప్పిన బోల్టుని కింద పెట్టడు. దేని బోల్టు దాని కన్నంలోనే మళ్ళీ బిగిస్తాడు. "కన్నం దగ్గరే ఉంటే బోల్టు ఎక్కడికి పోద్ది?" అన్న మాస్టారి మాట అతనికి వేదం.

ఈ నెల ఇరవై ఏడున పక్కింటి అనసూయ వెళ్ళిపోతోంది. ఆవిడ నర్సుగా చేసి దిగిపోయింది. నలభై ఒక్క ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకటే ప్రహరీగోడ. బిలాస్‌పూర్‌లో చెల్లెలికి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, చూసుకోడానికి మనిషి కావాలి.

"పావురాయిలో దింపుతావుగా?" అంది అనసూయ గోడ మీంచి.

"దింపక? ఎన్ని గంటల బండి?"

"పదకొండు."

"అయితే ఏడున్నరకి బయల్దేరదాం."

"స్టేషను రెండు మైళ్ళే మాణిక్యం! నడిచెళ్ళినా ముప్పావుగంట."

"దార్లో ఏదన్నా అడ్డమొస్తే?"

"యాభై ఏళ్ళ నుంచీ అదే అంటున్నావు. ఒక్కనాడన్నా అడ్డమొచ్చిందా?"

రాలేదు. కానీ ఆ వారమే వచ్చింది, ముప్ఫై నాలుగు పేజీల ఉత్తర్వు రూపంలో.

ఎక్కడో ఏ దేశంలోనో ఒక పెద్దమనిషి పాత కార్లు నిగనిగలాడుతూ బారులుతీరడం చూశాడట. మన దగ్గరా వారసత్వం ఉంది కదా, దాన్ని ఎవరూ తుడవడం లేదే అని బాధపడ్డాడట. ఆ బాధలోంచి 'వారసత్వ వాహన పరిరక్షణ మహోద్యమం' పుట్టింది. దాని సారాంశం ఇది: నలభై ఏళ్ళు దాటిన ప్రతి వాహనాన్నీ ప్రభుత్వం ఇకమీదట ప్రేమిస్తుంది. ఆ ప్రేమకి తగాలంటే వాహనం పుట్టినరోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. అంటే దానికి 'జన్మస్థితి పత్రం' ఉండాలి. ఇరవై అయిదో తారీకులోగా పత్రం తెచ్చుకోని వాహనాన్ని యంత్రంలో పెట్టి నుజ్జు చేస్తారు, వారసత్వానికి మచ్చ రాకుండా.

మాణిక్యాంబ బడికి వెళ్ళలేదు. శనగపప్పు పొట్లం కట్టిన కాగితాలు విప్పి, వాటిమీద చదువు నేర్చుకుంది. పొట్లం కాగితంలో కథ ఎప్పుడూ మధ్యలో తెగిపోతుంది కాబట్టి, పూర్తిగా ఉన్న కాగితం దొరికితే చివరి అక్షరం దాకా వదలదు. ముప్ఫై నాలుగు పేజీలూ అరుగుమీద కూచుని రెండుసార్లు చదివింది. ఆ ఉత్తర్వుని అలా ఆసాంతం చదివిన మనిషి జిల్లా మొత్తానికి ఆవిడ ఒక్కతే. అది రాసినవాళ్ళు కూడా తలా రెండు పేజీలే రాశారు.

జిల్లా వాహన ప్రామాణికతాధికారి పరంధామయ్య, పావురాయి ఉండే వలీ షెడ్డుకి జీపులో దిగాడు. నీతిపరుడు. ఎవరి ఇంట్లోనూ మంచినీళ్ళు తాగడు, సీసాలో తెచ్చుకుంటాడు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో సుద్దముక్క.

"తమరి వాహనము యొక్క జన్మస్థితిని పరిశీలించుటకు వచ్చితిని. ఇదేమిటి?"

"కుట్టుమిషను పిడండీ" అంది మాణిక్యాంబ. "తిప్పితే అద్దం దిగుద్ది."

"జన్మదినమున ఉన్నదా?"

"ఆ రోజు నా మిషనుకి ఉందండీ."

"చొరబాటు భాగం" అని దానిమీద సుద్దతో ఒక ఇంటూ పెట్టాడు.

మంగలి షాపు అద్దం చొరబాటు. ఇనప మంచం చొరబాటు. లారీ హారను, బీరువా తాళం, ముసలివాళ్ళు ఎక్కడానికి మాస్టారు పెట్టిన చెక్కమెట్టు, అన్నీ చొరబాటే. డ్రైవరు సీటు దగ్గర పరంధామయ్య చాలాసేపు వంగి చూశాడు.

"ఇచ్చట ఒక గుంట యున్నది."

"మాస్టారు కూచున్న చోటండీ" అంది మాణిక్యాంబ. "నలభై ఏళ్ళు కూచుంటే పడింది."

"జన్మస్థితిలో సీటు చదునుగా ఉండును. చొరబాటు." ఆవిడ మొహం చూసి దయగా సర్దాడు. "చొరబడినది మాస్టారని కాదమ్మా, గుంట మాత్రమే."

డీజిలు ఇంజను యాభై తొమ్మిది. బండి ఒంటిమీది నంబరు కాగితంలో ఉన్న నంబరు కాదు కాబట్టి ఒళ్ళు అరవై. అర మూత తెరిచి పెన్సిలు రాతలు చూశాడు.

"ఇవి ఎవరి పేర్లు?"

"వెళ్ళిపోయినవాళ్ళవండీ."

"అరవై ఒకటి" అని మూత బయటివైపు ఇంటూ గీసి, సుద్దముక్క జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క నంబరుప్లేటు మాత్రము నిష్కళంకముగా ఉన్నది. తమరిని అభినందించుచున్నాను."

వలీ తల గోక్కున్నాడు. "అన్నీ చొరబాట్లయితే మరి కారేదండీ?"

"అదియే వెతుకవలెను" అన్నాడు పరంధామయ్య. "అసలు భాగములను తెచ్చి, నంబరుప్లేటునకు తగిలించుడు."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది ఆ మాట. కానీ నుజ్జు యంత్రం అప్పటికే పక్క మండలం దాకా వచ్చేసింది. వలీ చేతులు తుడుచుకుని వెతకడానికి బయల్దేరాడు. మాణిక్యాంబ ఇంక షెడ్డు వైపు వెళ్ళనంది. వాళ్ళూ వీళ్ళూ వెళ్ళిపోవడం చూసి చూసి ఉంది గానీ, ఒక్కొక్క ముక్కగా వెళ్ళిపోవడం చూడలేదు. చూడదల్చుకోలేదు.

అసలు ఒళ్ళు తేలిగ్గానే దొరికింది. తుపానులో నలిగిన ఆ డొక్కుని అప్పట్లో చేపలమ్మే నూకాలు వాళ్ళ నాన్న పట్టుకుపోయాడు. నలభై ఏళ్ళకి పైగా అందులో కోళ్ళు ఉంటున్నాయి.

"ఇస్తాను గానీ నా కోళ్ళెక్కడ పడుకుంటాయి?" అని నూకాలు నడుంమీద చెయ్యేసుకుంది.

సంగతి పరంధామయ్య దాకా వెళ్ళింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, పన్నెండేళ్ళకి మించి కాపురమున్నవారిని నోటీసు లేకుండా ఖాళీ చేయించడం న్యాయం కాదన్నాడు. 'సదరు వారసత్వ వాహనమునందు నివసించుచున్న కోళ్ళు పదునొకండు మరియు పుంజు ఒకటికి తెలియజేయునది ఏమనగా' అని నోటీసు తయారై, డొక్కు తలుపుమీద అతికించబడింది. ఏడు రోజుల గడువు. కోళ్ళనుంచి అభ్యంతరాలేవీ రాలేదు. పుంజు నోటీసు అంచు కొంచెం పొడిచింది. దాన్ని అందినట్టు సంతకంగా స్వీకరించారు.

ఇంజను రేవులో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా పడవవాళ్ళు దాన్ని తాడుకి కట్టి లంగరుగా వాడుతున్నారు. బురదలోంచి లాగితే నత్తలతో సహా వచ్చింది. పరంధామయ్య ఒడ్డునే మోకాళ్ళమీద కూచుని, రుమాలుతో తుడిచి నంబరు చదివాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"సరిపోయినది! అక్షరము పొల్లుపోలేదు!"

"తిరగదండీ ఇది" అన్నాడు వలీ. "లోపల పిస్టన్లు రాయయిపోయినాయి. నీళ్ళలో ఉండీ ఉండీ..."

"తిరుగుట వారసత్వ లక్షణము కాదు. ఉండుట వారసత్వ లక్షణము."

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. పుట్టినరోజున కారు ఎలా ఉందో తేల్చే ఆధారం ఏదని ఆఫీసంతా గాలిస్తే ఒకే ఒక్క కాగితం దొరికింది. రైసుమిల్లు షావుకారు కారు కొన్న మర్నాడే అమ్మినవాళ్ళకి రాసిన ఫిర్యాదు. వెనక ఎడం తలుపు పడదు. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే నిలబడుతుంది. హారను రెండుసార్లు నొక్కితే గానీ మోగదు. వాన వస్తే డ్రైవరు కుడిమోకాలు తడుస్తుంది.

పరంధామయ్య దాన్ని కళ్ళకద్దుకున్నాడు. జన్మస్థితికి అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఆ కాగితం నకలు వలీకి పంపి, అందులో ఉన్నవన్నీ యథాతథంగా పునరుద్ధరించాలన్నాడు.

వలీ కాగితం పట్టుకుని మాణిక్యాంబ అరుగు దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"అమ్మగారూ, ఆ తలుపు పడేలా చెయ్యడానికి మాస్టారికీ నాకూ రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు పడకుండా చెయ్యమంటున్నారు."

"చెయ్యలేవా?"

"మూడు రోజుల్నించీ అదే పనండీ. ఎలా చేసినా పడిపోతోంది. చేతికి అలవాటైపోయింది కదండీ, చెడగొడదామన్నా బాగుపడిపోతోంది."

గోడ మీంచి అనసూయ పకపకా నవ్వింది. "నన్ను కూచోపెట్టు వలీ ఆ సీట్లో. నా బరువుకి ఏ తలుపూ పడదు."

"నువ్వు నవ్వుతున్నావా! ఇరవై ఏడు దగ్గరికొచ్చేసింది" అంది మాణిక్యాంబ. "పెట్టెలు సర్దావా? ఊరగాయ జాడీకి వాసెన కట్టావా? స్టవ్వు..."

"ఇంకా పది రోజులుందే. ఇప్పట్నించీ స్టవ్వు ఆర్పేసుకుని కూచోమంటావా? మాణిక్యం, పావురాయి కాకపోతే ఆటోలో వెళ్తాను. ఎలా వెళ్ళినా బిలాస్‌పూర్ బిలాస్‌పూరే."

మాణిక్యాంబ వలీ చేతిలో కాగితం తీసుకుని చివరిదాకా చదివింది. ఊళ్ళో అందర్నీ దింపిన కారు అనసూయని దింపకపోతే ఆ మూతమీద అనసూయ పేరుండదు. పేరు లేకపోతే ఆవిడ చెప్పకుండా వెళ్ళిపోయినట్టు. అది ఆటోలో వెళ్ళేవాళ్ళకి ఎలా చెబితే అర్థమవుతుంది?

ఇరవై అయిదున జన్మస్థితి మహోత్సవం జరిగింది. కోళ్ళగూడు సొట్టలు తీసి రంగు వేశారు. లంగరు ఇంజను అందులో పెట్టారు. పుట్టినరోజునాటి టైర్లు భూమ్మీద ఎక్కడా దొరకలేదు కాబట్టి నాలుగు తాటిమొద్దుల మీద నిలబెట్టారు. మొత్తాన్ని ట్రాక్టరు తొట్టెలో వేసి ఆఫీసు ఆవరణలోకి తెచ్చారు. పరంధామయ్య వెనక ఎడం తలుపు వేశాడు, వలీ చివరికి సందులో మేకు కొట్టాడు కాబట్టి అది పడలేదు. సభ చప్పట్లు కొట్టింది. హారను రెండుసార్లు నొక్కాడు, రెండోసారి గంభీరంగా మోగింది. ఇంకో వాటా చప్పట్లు. ఒక బిందెడు నీళ్ళు పైన పోయించుకుని, తడిసిన కుడిమోకాలిని సభకి చూపించాడు. ఎవరో ముందువరసలో కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ పత్రముతో తమరి వాహనము అమరమైనది" అని మాణిక్యాంబ చేతిలో కాగితం పెట్టాడు.

"సంతోషం బాబూ. ఇంక తీసుకెళ్ళొచ్చా? ఎల్లుండి స్టేషనుకి వెళ్ళాలి."

సభ నవ్వింది. పరంధామయ్య నవ్వలేదు.

"స్టేషనా! అమ్మా, వారసత్వము రోడ్డెక్కిన అరిగిపోవును. ఇకమీదట ఇది జాతిది. అద్దాలగదిలో ఉండును. తమరు ప్రతి శనివారము పది నుండి పన్నెండు వరకు వచ్చి చూచుకొనవచ్చును. తాకరాదు."

మాణిక్యాంబ ఆ కోళ్ళగూడుని పైనుంచి కింద దాకా చూసింది. అందులో ఆవిడకి తెలిసినది నంబరుప్లేటు ఒక్కటే. దాని వెనకాల కారు ఆవిడకి కొత్త. పెళ్ళిలో మనవాడనుకుని పలకరించబోయి వేరేవాడని తెలిసినట్టు, కాస్త వెనక్కి జరిగింది.

మర్నాడు పొద్దున్నే వలీ కబురు పెట్టాడు, షెడ్డులో సామాను ఉంది, ఏం చెయ్యాలో చెప్పమని. ఆవిడ కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళింది, గుట్టగా పోసిన ఇనపముక్కలు చూడడానికి మనసు దిటవు చేసుకుంటూ.

"ఏవీ?"

"ఆ టార్పాలిన్ పట్టా కిందండీ."

ఆవిడ పట్టా కొస పట్టుకు లాగింది. పావురాయి నిలబడి ఉంది. మంచం చట్రం, మంగలి అద్దం, మిషను పిడి, గుంటపడ్డ సీటు, ఎక్కడివక్కడే ఉన్నాయి. ముక్కుమీద నంబరుప్లేటు ఉండే చోట రెండు కన్నాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

"ఇదేంటి వలీ!"

వలీ తప్పుచేసినవాడిలా నిలబడ్డాడు. "విప్పిందాన్ని కింద పెట్టే అలవాటు లేదు కదండీ. కొలతకోసం ఒక్కోటీ విప్పడం, కొలిచి మళ్ళీ దాని చోట్లో బిగించెయ్యడం. ఒళ్ళు కూడా ఇక్కడే ఉండిపోయింది కాబట్టి ఎక్కడ బిగించాలా అన్న చిక్కు రాలేదు. అరవై ఒకటీ భద్రంగా ఉన్నాయండీ. ఒక్క బోల్టు పోలేదు."

"నడుస్తుందా?"

"నడవకపోడానికేముందండీ, ఏం చెడగొట్టాను గనక? కానీ ఇది కారు కాదు కదండీ అమ్మగారూ. కారు అద్దాలగదిలో ఉంది. నంబరు లేకుండా రోడ్డెక్కితే పట్టుకుంటారు."

మాణిక్యాంబ అక్కడే బల్లమీద కూచుంది. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ మనసులో పేజీలు తిప్పింది. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర కళ్ళు తెరిచింది.

పరంధామయ్య ఆఫీసులో పెట్టె సర్దుకుంటున్నాడు. జిల్లాలో మొదటి జన్మస్థితి సాధించినందుకు రాజధానిలో ఆయనకి సన్మానం. మధ్యాహ్నం బండికి వెళ్ళి రేపు పదకొండు గంటల బండికి తిరిగొస్తాడు.

"బాబూ, ఇరవై మూడో నిబంధన ఒకసారి చదువుతారా?" అంది మాణిక్యాంబ.

ఆయన దాన్ని మొదటిసారి చదివాడు. "'తొలగించబడిన చొరబాటు భాగములు వాహనము కావు. వాటిని యజమాని తనకు అనుకూలమైన రీతిని, విడిగా గాని కలిపి గాని, తరలింపు చీటీ పొంది తరలించుకొనవచ్చును.' సబబుగానే ఉన్నది."

"అయితే నాకు చీటీ ఇప్పించండి. వలీ షెడ్డు నుంచి స్టేషనుకి."

"విడిగానా, కలిపియా?"

"కలిపేనండీ. విడిగా అయితే దార్లో పడిపోతాయి."

"తమవంటి బాధ్యత గల పౌరులు అరుదు" అని చీటీ రాసి, గుండ్రటి ముద్ర రెండుసార్లు గుద్ది ఇచ్చాడు. బయట జీపు సిద్ధంగా ఉంది. ఆవిడ దాన్ని చూసి మామూలుగా అడిగింది. చదివిన కాగితం ఎక్కడ వర్తిస్తుందో చూడడం ఆవిడకి అలవాటు.

"మీ జీపు వయసెంత బాబూ?"

పరంధామయ్య మెట్టుమీదే ఆగిపోయాడు. గుమాస్తాని పిలిచి రికార్డు తీయించాడు. నలభై ఒకటి. ఆయన మొహం పాలిపోయింది, వెంటనే ధర్మం గుర్తొచ్చి వెలిగింది.

"నిబంధన అందరికీ ఒక్కటే. నన్ను స్టేషనులో దింపిన వెంటనే ఈ జీపును అద్దాలగదికి చేర్చుడు!"

ఇరవై ఏడున ఏడున్నరకి పావురాయి బయల్దేరింది. నంబరుప్లేటు ఉండాల్సిన చోట రెండు కన్నాలకీ తాడు కట్టి, చీటీని అట్టకి అంటించి వేలాడదీశారు. వలీ గుంటసీటులో కూచున్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు. పైన మంచంమీద అనసూయ నలభై ఒక్క ఏళ్ళ సంసారం, మూడు పెట్టెలూ ఒక జాడీ.

రైల్వేగేటు దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డంపెట్టాడు.

"నంబరేది?"

"కార్లకి కదండీ నంబరు" అన్నాడు వలీ.

"ఇది కారు కాదా?"

"కాదండీ. ముక్కలు. కలిపి తీసుకెళ్తున్నాం."

కానిస్టేబులు చీటీ చదివాడు. గుండ్రటి ముద్ర చూసి కాస్త నిటారుగా నిలబడ్డాడు. "మరి లోపల మనుషులెందుకున్నారు?"

"ముక్కలు జారిపోకుండా పట్టుకోడానికి నాయనా" అంది అనసూయ. "ఒంటిచేత్తో అరవై ఒకటి ఎవరు పట్టుకుంటారు?"

"అరవై ఒకటి ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి."

లెక్కపెట్టడం మొదలెట్టాడు. యాభై ఎనిమిది దగ్గర చెక్కమెట్టు ఒకటా రెండా అని అనుమానం వచ్చి మళ్ళీ మొదటికొచ్చాడు. రెండోసారి హారను మరిచిపోయాడు. మూడోసారి బానెట్టు ఎత్తించాడు. అరవై ఒకటి తేలేసరికి గంటన్నర అయింది. చివరికి సెల్యూట్ కొట్టి గేటు తీయించాడు.

అనసూయ వాచీ చూసుకుంది. తొమ్మిదింబావు. మాణిక్యాంబ వైపు తిరిగి చూసింది. మాణిక్యాంబ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది, యాభై ఏళ్ళకి గెలిచిన మనిషి చూసినట్టు.

స్టేషనులో ఇంకా గంటన్నర మిగిలింది. ఇద్దరూ కారులోనే కూచున్నారు. మాట్లాడుకోవాల్సినవి నలభై ఒక్క ఏళ్ళలో అయిపోయాయి కాబట్టి స్టేషనుకి వచ్చేవాళ్ళని లెక్కపెట్టుకున్నారు. బండి కనపడగానే మాణిక్యాంబ ముందుకి వంగి అర మూత తెరిచి పెన్సిలు తీసింది.

"ఇలా తే, నేను రాస్తా" అంది అనసూయ. "నీ రాత నేనే చదవలేను."

"నా రాతకేమొచ్చింది?"

"ఏమీ రాలేదు, కోడి గీకినట్టుంటుంది. తే."

మూత అడుగున ఒక్క వరుస చోటే మిగిలింది. అనసూయ అందులో తన పేరు తనే రాసుకుని, తేదీ వేసి, పెన్సిలు మాణిక్యం చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. బండి ఆగింది. పెట్టెలు ఎక్కాయి. జాడీ ఎక్కింది. అనసూయ ఎక్కింది. "స్టవ్వు ఆర్పే వచ్చానే!" అని కిటికీలోంచి అరిచింది. బండి కదిలింది.

మాణిక్యాంబ బండి తోక కనపడకుండా పోయేదాకా నిలబడి, తిరిగి కారు దగ్గరికొచ్చింది. వలీ అప్పటికే బజ్జీల పొట్లం తెచ్చి వెనక సీటులో, అనసూయ కూచున్న చోట పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాటిలో అదీ ఒకటి.

అప్పుడు చూశారు. మెట్ల దగ్గర పరంధామయ్య నిలబడి ఉన్నాడు. మెడలో నలిగిన దండ, చంకలో శాలువా, చేతిలో పెట్టె, మంచినీళ్ళ సీసా. అదే బండికి దిగాడు. జీపు కోసం రోడ్డుకేసి చూశాడు, జీపు ఎక్కడుందో గుర్తొచ్చింది, చూపు దించేశాడు. ఉన్న రెండు ఆటోలూ అప్పుడే వెళ్ళిపోయాయి. ఎండ నడినెత్తికి వచ్చింది.

మాణిక్యాంబకి ఒంటరిగా నిలబడ్డ మనిషిని స్టేషనులో వదిలేసి వెళ్ళడం చేతకాదు.

"రండి బాబూ, దింపుతాం."

పరంధామయ్య పావురాయిని చూశాడు. ముక్కుమీద వేలాడుతున్న తన సంతకాన్ని చూశాడు. "ఇవి... ఆ భాగములేనా?"

"అరవై ఒకటీనండీ" అన్నాడు వలీ. "లెక్కపెట్టించాం కూడా."

"కానీ చీటీ షెడ్డు నుండి స్టేషను వరకే ఉన్నది. తిరుగు ప్రయాణమునకు వేరే చీటీ కావలెను."

"కావాలండీ" అంది మాణిక్యాంబ. "అందుకే ఖాళీ ఫారం తెచ్చాను. రాసేవారు మీరే కదా."

ఆయన ఒక్క నిమిషం ఎండకేసి, ఇంకో నిమిషం నిబంధనకేసి మనసులో చూసుకున్నాడు. నిబంధన ఎక్కడా అడ్డం రాలేదు. మోకాలిమీద ఫారం పెట్టుకుని రాసి, సంతకం చేసి, చెక్కమెట్టు మీద కాలుపెట్టి వెనక సీటులోకి ఎక్కాడు. బజ్జీల పొట్లం ఒళ్ళోకి తీసుకోక తప్పలేదు. ఎడం తలుపు లాగాడు. ఒక్క లాగుకి టప్పుమని పడింది.

ఆయన దాన్ని మళ్ళీ తెరిచి మళ్ళీ వేశాడు. మళ్ళీ పడింది.

"ఎంత చక్కగా పడుచున్నది!"

"చొరబాటండీ" అన్నాడు వలీ, బండి తిప్పుతూ.

గేటు దాటేలోగా పరంధామయ్య ఒక బజ్జీ తిన్నాడు. ఉద్యోగంలో చేరాక ఆయన బయట తిన్న మొదటి వస్తువు అదే. మాణిక్యాంబ ముందుసీటులో కూచుని అర మూత తెరిచింది. లోపలివైపు నిండిపోయింది, అనసూయతో ఆఖరి వరుస కూడా. యాభై ఏళ్ళలో వెళ్ళినవాళ్ళే గానీ, ఈ కారులో వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడ మూతని తిప్పి బయటివైపు చూసింది. పరంధామయ్య పెట్టిన సుద్ద ఇంటూ ఇంకా ఉంది. కొంగుతో తుడిచి, పెన్సిలు కొస నాలుకకి అద్దుకుని, తేదీ వేసింది.

"ఏమి వ్రాయుచున్నారమ్మా?" అన్నాడు పరంధామయ్య రెండో బజ్జీ తీస్తూ.

"మీ పేరు బాబూ. అరవై రెండోది."